వెంట వచ్చే పూలు

శవం ముందు దాటిపోయి, దాని కోసం కట్టిన పూలు గంట తర్వాత వస్తే, అవి శవం వెంట వచ్చిన పూలే అవుతాయా, కావా?

ఫిదెన్సియో కాంతూ ఈ సందేహాన్ని పందొమ్మిదేళ్లుగా మోస్తున్నాడు. ఒకసారి పాపాలు చెప్పుకునే గదిలో మోకరిల్లి ఫాదర్‌ని అడిగాడు. ఆయన జాలీ వెనక నుంచి, "ఇది నన్ను అడగాల్సిన ప్రశ్నేనా నాయనా, కస్టమ్స్ వాళ్లనా?" అన్నాడు. కస్టమ్స్ వాళ్లని అడిగితే నవ్వుతారని ఫిదెన్సియోకి తెలుసు. అందుకే తనని తనే ప్రశ్నించుకుంటున్నాడు. ఆ శుక్రవారం ఉదయం ఆరున్నరకి ఆఫీసు తాళం తీస్తూ, లైట్లు వేస్తూ, కాఫీ గిన్నెలో దాల్చినచెక్క ముక్క వేస్తూ కూడా అదే ప్రశ్న వేసుకున్నాడు.

అతనికి అరవై మూడేళ్లు. పొట్టి మనిషి. వీపు మెడ దగ్గర కొద్దిగా వంగింది, టేబుల్ మీదికి వంగీ వంగీ. కుడిచేతి మధ్యవేలి మీద కలం ఒరిసిన కాయ ఉంది, కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్లయినా అది కరగలేదు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. జేబులో జపమాల, దాని పక్కనే చిన్న రబ్బరు. సరిహద్దు నది ఒడ్డున ఈ లరేడోలో, కస్టమ్స్ కాగితాలు రాసిపెట్టే ఇలాంటి ఆఫీసులు వందలున్నాయి. వాటిలో ఇలాంటి మనుషులు ఒక్కొక్కరు ఉంటారు. పేరు బోర్డు మీద ఉండదు. లైసెన్సు యజమానిది, రాత వీళ్లది.

చికాగోలోనో శాన్ ఆంటోనియోలోనో కూర్చున్న వ్యాపారి నది అవతలి దేశం నుంచి సరుకు తెప్పిస్తాడు. అతను వంతెన ఎప్పుడూ చూసి ఉండడు. ఆ పెట్టెలో ఉన్నది ఏమిటి, దేనితో చేసింది, ఎక్కడ చేసింది, ఎవరికోసం అన్నది అతని తరఫున ప్రభుత్వానికి ఒకరు చెప్పాలి. చెప్పింది తప్పయితే బండి ఆగిపోతుంది. ఫిదెన్సియో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ చెప్పేవాడు. తోలు చెప్పులా, తోలు అతికించిన చెప్పులా? బొమ్మా, దేవుడి బొమ్మా? లావాటి పుస్తకంలో ప్రతి వస్తువుకీ ఒక అంకె ఉంది. సృష్టిలో అంకె లేనిది ఏదీ లేదని కొత్తల్లో అతనికి ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత పుస్తకం మొదటి పేజీల్లో ఆ వాక్యం కనబడింది. శవాలు, వాటి పెట్టెలు, వాటి వెంట వచ్చే పూలు సరుకు కింద లెక్కకు రావు. అది చదివిన రోజు అతనికి ఆ పుస్తకం మీద గౌరవం కలిగింది. రాసినవాడెవడో దేవుడికి భయపడ్డవాడే అనుకున్నాడు.

తర్వాత పన్నెండేళ్లకి ఆ వాక్యం అతని ఇంటికే వచ్చింది. అమ్మ నది అవతల న్యూవో లరేడోలో, అక్క రెఫూహియో ఇంట్లో ఉండగా పోయింది. నాన్నని పూడ్చింది ఇవతల. ఆయన పక్కన అమ్మకి చోటుంది. పెట్టె దాటించడం కష్టం కాలేదు, కాగితాలన్నీ ఫిదెన్సియో తనే రాశాడు. అక్క మాత్రం దాటలేకపోయింది. దుకాణాలకి వచ్చిపోయేందుకు మాత్రమే ఇచ్చే సరిహద్దు కార్డు పెట్టుకుని ఇవతల ఇళ్లలో అంట్లు తోముతోందని అంతకు ముందు ఏడాదే ఆమె కార్డు లాక్కున్నారు. తను రావడానికి వీల్లేదు కాబట్టి ఆమె రాత్రంతా కూర్చుని బంతిపూలతో నిలువెత్తు శిలువ కట్టింది. అది పూర్తయ్యేసరికి పెట్టె వెళ్లిపోయింది. ఎదురింటి తొమాసా మొగుడు దాన్ని తన ట్రక్కు వెనక వేసుకుని గంట ఆలస్యంగా వంతెన మీదికి వచ్చాడు.

ఫిదెన్సియో నల్లకోటు వేసుకుని ఎదురెళ్లాడు. పూల తనిఖీ అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. ఆ కోటు చూశాడు, శిలువ చూశాడు. "ఇవి ఇందాక వెళ్లిన పెట్టె వెంట వచ్చినవే కదా?" అన్నాడు. ఒక్క అవును చాలు. ఫిదెన్సియో గడియారం చూసుకున్నాడు.

"కాదండీ. పెట్టె ఎనిమిదిన్నరకి దాటింది. ఇది ఆలస్యంగా వచ్చిన సరుకు" అన్నాడు.

సరుకైతే తనిఖీ కావాలి. దానికి కాగితాలు లేవు. శిలువని రెండుగా విరిచి నీలం పీపాలో వేశారు. తొమాసా మొగుడు ఖాళీ ట్రక్కుతో వెనక్కి వెళ్లి చూసిందంతా చెప్పాడు. ఆ రోజు నుంచి రెఫూహియో తమ్ముడితో మాట్లాడలేదు. క్రిస్మస్‌కి అతను పంపిన రొట్టె, చీటీ విప్పకుండా తిరిగి వచ్చాయి. రెండో ఏడాది కూడా. మూడో ఏడాది అతను పంపలేదు.

అబద్ధం ఆడకపోవడం పాపమెలా అవుతుంది? అదే అతనికి అర్థం కాదు.

ఏడున్నరకి మారిక్రూస్ వచ్చింది. ఎదురు టేబుల్ ఆమెది. గట్టిగా నవ్వే మనిషి, పదకొండేళ్లుగా అతని పక్కనే పనిచేస్తోంది, అయినా పెద్దవాడని 'దోన్' అనే పిలుస్తుంది.

"దోన్ ఫిదే, మీ బంతిపూల బండి వంతెన దిగిందిట. దిగి నేరుగా తనిఖీ కొట్టంలోకి వెళ్లిందిట. నా తప్పేం లేదు."

"ఎందుకు పంపారు?"

"పురుగు దొరికిందిట. పురుగు కూడా పండక్కి వస్తోందేమో, దానికీ చుట్టాలు ఉండరూ?"

ఫిదెన్సియో నవ్వలేదు. ఆ బండి శాన్ ఆంటోనియోలో పూలకొట్టు పెట్టుకున్న అంపారో అనే ఆవిడది. సోమవారం ఆత్మల పండుగ. పోయినవాళ్ల ఫోటోల ముందు ఇంటింటా బంతిపూలు పరవాలి, వాళ్ల ఆత్మలు రావడానికి గుమ్మం నుంచి పూలదారి వేయాలి. మూడు గుడులు ఆవిడనే నమ్ముకున్నాయి. అది పంటలకి హాని చేసే పురుగో కాదో ఈ రోజు తేలకపోతే శని ఆదివారాలు బండి కొట్టంలోనే ఉంటుంది. సోమవారానికి లోపల మిగిలేది తడిసిన గడ్డి.

ఫోన్ మోగింది. అంపారో అనుకుని ఎత్తాడు.

"మావయ్యా, నేను నెరెయిదాని."

అక్క కూతురు. ఆ గొంతు అతను గుర్తుపట్టలేదు. ఆఖరిసారి విన్నప్పుడు ఆ పిల్లకి పదేళ్లు.

"అమ్మకి బాలేదు. ఇంక ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు డాక్టరు. పొద్దున ఫాదర్ వచ్చి ఆఖరి నూనె రాసి వెళ్లారు."

అతను కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "నన్ను రమ్మందా?"

"లేదు. మీ పేరే ఎత్తలేదు. నేను రమ్మంటున్నా. సాయంత్రం దాకా ఉండొచ్చు అన్నాడు. ఉండకపోనూవచ్చు" అంది.

"ఒక బండి దాటాలమ్మా. దాటగానే బయల్దేరతా."

"మీ బండ్లు దాటుతూనే ఉంటాయి మావయ్యా. పందొమ్మిదేళ్లుగా దాటుతూనే ఉన్నాయి." ఫోన్ పెట్టేసింది.

మారిక్రూస్ అంతా విన్నది. అసలు వినకుండా ఉండగలిగేంత పెద్ద గది కాదది. "మీరు వెళ్లండి. పురుగు సంగతి నేను చూస్తా" అంది.

"నోటుబుక్కు రాత నీకు అర్థం కాదు."

"మీ కోడిగీతలు దేవుడికే అర్థం కావు. అయినా వెళ్లండి."

ఆమెకి అర్థం కాదన్నది నిజమే. ఫిదెన్సియో ప్రతి పూలబండిలో దొరికిన ప్రతి పురుగునీ, ఏ తోట నుంచి వచ్చింది, పురుగుల నిపుణుడు ఏమన్నాడు, బండి వదిలారా తిప్పి పంపారా అన్నది పధ్నాలుగేళ్లుగా పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. ఎవరూ రాయమనలేదు. ఆ పుస్తకం చదవగలిగినవాడు అతనొక్కడే. అది నిజం. నిజం వెనక దాక్కోవడం తనకి అలవాటని కూడా అతనికి ఎక్కడో తెలుసు. అక్క గుమ్మంలో నిలబడటం కంటే తనిఖీ కొట్టంలో నిలబడటం తేలిక. అక్కడ ఏ ప్రశ్న అడుగుతారో తెలుసు.

నోటుబుక్కూ టోపీ తీసుకుని బయల్దేరాడు.

కొట్టంలో చలి. రేకుల కప్పు కింద బండి వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపలి నుంచి బంతిపూల ఘాటు వాసన, తడి అట్టపెట్టెల వాసన కలిసి వస్తున్నాయి. డ్రైవర్ పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. తనిఖీ చేసే అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని కట్ట తర్వాత కట్ట తెల్లకాగితం మీద తలకిందులు చేసి దులుపుతోంది. కాగితం మీద రెక్కలు, దుమ్ము, మధ్యమధ్య కదిలే చుక్కలు. అలాంటి చుక్క ఒకటి అప్పటికే గాజు సీసాలో ఉంది.

"నమస్తే అమ్మా. పూలవాళ్ల తరఫున వచ్చాను."

"దోన్ ఫిదెన్సియో కదూ? మా నిపుణుడు ఇవాళ మూడింటికి వెళ్లిపోతాడు. ఆయన ముందు పదహారు సీసాలున్నాయి. మీది పదిహేడోది."

"నేను ఆగుతాను."

"ఆగితే మాత్రం ఏమవుతుంది?"

"ఏమీ కాదమ్మా. ఆగుతాను."

బల్ల మీద కూర్చున్నాడు. భార్య ఓఫెలియా కట్టిచ్చిన పొట్లం విప్పాడు. టోర్టిల్లా రొట్టెలో చుట్టిన గుడ్డు, చిక్కుడు. తినలేక మళ్లీ మడిచాడు. జేబులో జపమాల పూసల మీద వేళ్లు నడుస్తున్నాయి. అక్క కోసం మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో పురుగు మీదికి వెళ్లింది, పురుగు నుంచి గడియారం మీదికి వెళ్లింది. సిగ్గుపడి మొదటినుంచి మొదలుపెట్టాడు. పది దాటింది. పదకొండు దాటింది. అంపారో రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి ఏడుస్తోంది. "మా ఆయన పోయిన ఏడు ఇది అన్నా. ఆయన ముందు పరవడానికి కూడా పూలు ఉండవేమో" అంది. పన్నెండయింది. లేచి వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. తొడుగుల అమ్మాయి కూడా అనదు. అయినా లేవలేదు.

పొద్దుట్నుంచి ముందుకీ వెనక్కీ తిరగేస్తున్న నోటుబుక్కే మళ్లీ తిరగేశాడు. నాలుగేళ్ల కిందటి పేజీ దగ్గర వేలు ఆగింది. అదే తోట, అదే ఊరు, అదే నెల. నల్లటి చిన్న పురుగు, వీపు మీద రెండు పసుపు చుక్కలు. హాని లేనిది, బండి వదిలారు. కింద ఆ రోజు అనుమతి కాగితం నంబరు.

లేచి వెళ్లి టోపీ తీశాడు. "అమ్మా, ఆ సీసాలో ఉన్నదానికి వీపు మీద రెండు పసుపు చుక్కలున్నాయేమో చూస్తారా?"

ఆమె భూతద్దం పెట్టి చూసింది. తల ఎత్తింది. "మీకెలా తెలుసు?"

నోటుబుక్కు చూపించాడు. నంబరు మీద వేలు పెట్టాడు. "మీ దగ్గర పాత కాగితాల్లో ఇది ఉంటుంది. నా మాట వద్దు, మీ నిపుణుడు రాసిందే చూడండి."

"పురుగుల జాతకాలు కూడా రాస్తారా మీరు?" అని నవ్వి, సీసా పట్టుకుని పైకి వెళ్లింది. ముప్పావు గంట తర్వాత దిగి వచ్చింది. పాత కాగితం దొరికింది, పాత పురుగే ఇది. నిపుణుడు వరస తప్పించి చూసి సంతకం పెట్టాడు. రెండు గంటల పది నిమిషాలకి బండి వదిలారు.

అంపారోకి ఫోన్ చేసి చెప్పాడు. అటు నుంచి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నీకు ఏం కావాలన్నా, ఏదైనా అడుగు" అంది. ఎప్పుడూ అంటుంది, ఎప్పుడూ అతను ఏమీ వద్దంటాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ వ్యాపారి దగ్గరా కాఫీ కూడా తాగలేదు.

"తనిఖీకి విప్పిన పెట్టెలోంచి ఒక కట్ట తీసుకోవచ్చా అమ్మా?" అన్నాడు.

"ఎవరికి?" అంది అంపారో.

"ఇంట్లో వాళ్లకి."

"చేతుల నిండా తీసుకో అన్నా. ఒకటి కాదు."

డ్రైవర్ తీసి ఇచ్చాడు. పాత వార్తాపత్రికలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫిదెన్సియో పాత వంతెన దాకా సిటీ బస్సులో వెళ్లాడు. బస్సులో ఎవరో తుమ్మారు.

అటువైపు వెళ్లేవాళ్లకి వరస ఉండదు. నాణేలు వేస్తే ఇనప గేటు తిరుగుతుంది. ఇటు వచ్చేవాళ్లు మాత్రం వంతెన పొడుగునా ఎండలో నిలబడి ఉన్నారు, చేతుల్లో కార్డులు పట్టుకుని, ముందువాళ్ల వీపుల్లోకి చూస్తూ. కింద నది ఆకుపచ్చగా, లోతు లేనట్టుగా ఉంది. ఒడ్డున రెల్లు. అతను ఈ వంతెన నడిచి పందొమ్మిదేళ్లయింది. రోజూ దీని మీంచి వచ్చే కాగితాలే చూస్తాడు, ఇది ఇంత చిన్నదని మరచిపోయాడు. పన్నెండు నిమిషాల నడక.

అవతలి చివర అక్కడి కస్టమ్స్ వాళ్ల బొత్తాం నొక్కాలి. పచ్చ లైటు వస్తే వెళ్లిపోవచ్చు, ఎర్ర లైటు వస్తే తనిఖీ. అతనికి ఎర్ర లైటు వచ్చింది. కుర్ర అధికారి ఒకడు బల్ల దగ్గరికి పిలిచాడు.

"ఏం తెస్తున్నారు దోన్?"

"పూలు."

వార్తాపత్రిక విప్పి చూశాడు. "మా పూలు తీసుకెళ్లి మళ్లీ మాకే తెస్తున్నారా? కాగితాలున్నాయా?"

"లేవు."

ఆ మాట అతని నోట్లోంచి వచ్చాక చెవులు వేడెక్కాయి.

"ఎవరికి?"

"మా అక్కకి. పోతోంది."

కుర్రవాడు పత్రిక మళ్లీ చుట్టాడు, పువ్వు నలగకుండా. "మరి ఇక్కడ నిలబడతారేంటి? వెళ్లండి, వెళ్లండి."

రెఫూహియో ఇల్లు రైలు పట్టాల అవతల సందులో ఉంది. నీలం సున్నం వెలిసి గోడ మీద పటాల్లా మిగిలింది. గుమ్మంలో నెరెయిదా నిలబడి ఉంది. అచ్చం అక్క ఆ వయసులో ఎలా ఉండేదో అలా. అతన్ని చూసి పలకరించలేదు, పక్కకి జరిగింది.

"ఉందా?"

"ఉంది. అదృష్టవంతులే."

గది చిన్నది. బల్ల ఫ్యాను గోడ వైపు తిప్పి పెట్టారు. కన్య మరియమ్మ పటం కింద కొవ్వొత్తి. మంచం మీద అక్క, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. జుట్టు మాత్రం ఇంకా నల్లగా ఉంది, రెండు జడలు వేసి భుజాల మీద వేశారు. మంచం పక్కన ఒక పాత రేకు కుర్చీ, వీపు మీద ఎప్పుడో మూతపడ్డ సోడా కంపెనీ పేరు సగం చెరిగి ఉంది.

"ఎవరది?"

"నేనక్కా. ఫిదేని."

ఆమె కళ్లు తిప్పింది. చాలాసేపు చూసింది. "ముసలాడివైపోయావు" అంది. "కుర్చీలో కూర్చో."

"పరవాలేదక్కా, నిలబడతా."

"కూర్చోరా ముందు."

కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. ఒళ్లో పూలు పెట్టుకున్నాడు. ఆమె అతన్నీ కుర్చీనీ కలిపి చూసి, ఏదో పని అయిపోయినట్టు తల దిండు మీద వాల్చింది.

"ఆ పూలకి కాగితాలున్నాయా?"

"లేవక్కా."

"అయితే దొంగసరుకు." ఆమె నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. నెరెయిదా వచ్చి పెదవులు తడిపి వెళ్లింది. దగ్గు తగ్గేదాకా అతను పూల వంకే చూశాడు. పందొమ్మిదేళ్లు కూడబెట్టిన మాటలన్నీ ఉన్నాయి, ఏది ముందో తెలియలేదు.

"ఆ రోజు నేను అవునని ఉంటే సరిపోయేది కదా అక్కా. నాకు తెలుసు. కానీ అబద్ధం..."

"కాదన్నందుకు కాదురా." మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "ఆలస్యంగానే వచ్చాయి. దారం అయిపోయింది నాకు. తొమాసా లేచేదాకా ఆగి, వాళ్లింట్లో దారం తెచ్చుకున్నా. ఆలస్యం నాదే."

"మరి?"

"సరుకు అన్నావుట."

ఆ మాట అన్నట్టు అతనికి గుర్తుంది. అందులో తప్పుందని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. కాదు అన్నదాన్నే అటూ ఇటూ తిప్పి చూస్తూ వచ్చాడు.

"మా అక్క కట్టింది అని చెప్పి ఉంటే చాలు. తర్వాత వాళ్లు విరుచుకుంటే విరుచుకోనీ. పారేసుకోనీ. నాకేం." కళ్లు మూసుకుంది. "తల్లిని మట్టిచెయ్యడానికి రాలేకపోయాను. నేను రాత్రంతా కట్టింది సరుకు."

ఫ్యాను గోడకి గాలి కొడుతోంది. పటం కింద కొవ్వొత్తి కొద్దిగా వంగి, లేచింది.

"అవునక్కా" అన్నాడు.

"ఊఁ."

కళ్లు తెరిచి పూల వంక చూసి, "నీళ్లలో పెట్టు. వాడిపోతాయి" అంది.

పెరట్లో కొళాయి ఉంది. నెరెయిదా ప్లాస్టిక్ బాల్చీ, కూరలు తరిగే కత్తి ఇచ్చింది. అతను గచ్చు మీద గొంతుకూర్చుని ఒక్కొక్క కాడా చివర ఏటవాలుగా కోశాడు. కింది ఆకులు దూశాడు. పని తెలిసినట్టు చేతులు వాటంతట అవే నడిచాయి. కొళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి. బాల్చీ సగం నిండడానికి ఎంతసేపు పట్టిందో. వేళ్లకి పసుపు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చిన్నప్పుడు అక్క వేళ్లు ఇలాగే వాసన వేసేవి ఈ నెలలో.

లోపలికి వచ్చేసరికి నెరెయిదా మంచం పక్కన మోకాళ్ల మీద ఉంది. అక్క మొహం కొద్దిగా కిటికీ వైపు తిరిగి ఉంది. దుప్పటి కదలడం లేదు. అతను గుమ్మంలోనే ఆగాడు. నీళ్లు తొణక్కుండా బాల్చీ నెమ్మదిగా కింద పెట్టాడు. టోపీ తీశాడు. ప్రార్థన మొదలుపెట్టాడు, ఈసారి మనసు ఎక్కడికీ పోలేదు.

ఎండ గోడ దిగుతుండగా నెరెయిదా అడిగింది. "ఇప్పుడు అమ్మని అవతలికి తీసుకెళ్లొచ్చా మావయ్యా? అమ్మమ్మ పక్కకి?"

"తీసుకెళ్లొచ్చు. ఇప్పుడు కార్డు అక్కర్లేదు. కాగితాలు నేను రాస్తాను."

ఆమె తల్లి మొహం వంక చూసింది. "వద్దులెండి. బతికుండగా రానివ్వని చోటికి చచ్చి వెళ్లనని ఒకసారి అంది. ఇక్కడే ఉండనిద్దాం."

"అలాగేనమ్మా."

పూలు తల దగ్గర కొన్ని, కాళ్ల దగ్గర కొన్ని పెట్టారు. మిగిలిన రెక్కలు తుంపి గుమ్మం నుంచి మంచం దాకా దారి వేశాడు ఫిదెన్సియో. ఓఫెలియాకి ఫోన్ చేశాడు. రేపు పొద్దున వస్తానంది. మారిక్రూస్‌కి కూడా చేశాడు. ఆ గట్టిగా నవ్వే మనిషి, "అక్క చూసిందా మిమ్మల్ని?" అని మాత్రం అడిగింది. చూసిందన్నాడు.

ఇరుగుపొరుగు రావడం మొదలైంది. ఒకరు కాఫీ గంగాళం, ఒకరు తీపిరొట్టెలు. ఎదురింటి తొమాసా గుడి వాళ్ల దగ్గర తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు అడిగి తెచ్చింది. మొగుడు పోయి ఆరేళ్లయింది ఆవిడకి. నడుం వంగినా గొంతు వంగలేదు.

"ఇన్నాళ్లకి దొరగారికి వీలు చిక్కింది" అంది ఫిదెన్సియోని పైనుంచి కిందికి చూసి. కుర్చీలు వరసగా వేస్తూ మంచం దగ్గరికి వచ్చింది. రేకు కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. "ఇది నాదే."

"తీసుకెళ్లండి దోన్యా తొమాసా" అంది నెరెయిదా.

"తీసుకెళ్తానమ్మా, పందొమ్మిదేళ్లు తీసుకెళ్లనిచ్చిందా మీ అమ్మ? మీ అమ్మమ్మ పోయిన రాత్రి ఎరువిచ్చా. దీని మీదే కూర్చుని ఆ శిలువ కట్టింది. తెల్లారి అన్నీ ఇచ్చింది, ఇదొక్కటీ ఇవ్వలేదు. ఎన్నిసార్లు అడిగానో. 'మా ఫిదే వచ్చి దీంట్లో కూర్చున్నాక ఇస్తా' అనేది. మా ఆయన కూడా కోప్పడ్డాడు, ఎరువు సొమ్ము ఉంచేసుకుంటారా అని. 'వాడు రాడు, కుర్చీ రాదు, ఊరుకోండి' అన్నా నేను." ఆమె ఫిదెన్సియో వైపు తిరిగింది. "కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"నిజంగా?"

"అక్కే కూర్చోమంది."

"అయితే ఇచ్చెయ్" అంది తొమాసా. కుర్చీ వీపు మీంచి చెయ్యి తీసింది.

ఫిదెన్సియో కుర్చీ మడవబోయాడు. కీళ్లు తుప్పుపట్టి బిగిసిపోయాయి. మోకాలు ఆనించి నొక్కితే మడత పడింది. దాన్ని భుజానికి ఆనించుకుని, బంతిరెక్కల దారి తొక్కకుండా అంచున నడిచి, సందు దాటి తొమాసా ఇంటి వరండాలో గోడకి చేర్చి నిలబెట్టాడు. చేతి రుమాలుతో దాని మీద దుమ్ము తుడిచాడు. తిరిగి వచ్చేసరికి వెలుగు తగ్గింది, లోపల జపం మొదలైంది.

కుర్చీ తీసిన చోట నెరెయిదా తడిగుడ్డతో నేల మీద వంగి ఉంది. "ఉండనీ అమ్మా" అన్నాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

మంచం పక్కన గచ్చు మీద కుర్చీ కాళ్ల తుప్పు మచ్చలు నాలుగు, ఎన్ని కడుగుళ్లకో అంచులు గోధుమ రంగుకి తిరిగి, నడుమ ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉన్నాయి.